నీళ్ళ బోర్డు అడగని ప్రశ్న

వానలు మొదలైతే చాలు, మా విరేచనాల వార్డులో మంచాలు చాలవు. తల్లులు పిల్లలను ఒళ్ళో వేసుకుని వరండాలో కూర్చుంటారు. సెలైన్ ఎక్కుతుండగా మేము అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ నీళ్ళు తాగుతున్నారమ్మా?" చాలాసార్లు వచ్చే జవాబు కూడా ఒకటే: "కుళాయి నీళ్ళేనండి." కుళాయిలో వచ్చేవి మంచినీళ్ళే అన్న నమ్మకం ఆ జవాబులో ఉంటుంది. మరి ఆ కుళాయికి అవతల ఎవరున్నారు? నీళ్ళలో మందు కలిపేదెవరు? కలిపారో లేదో చూసేదెవరు? చూడవలసినవారిని అడిగేదెవరు? ఇంతదూరం మనలో ఎవరమూ ఆలోచించము. మేము కూడా చాలాకాలం ఆలోచించలేదు.

అందుకే ఈసారి మీకు చాలా దూరపు ఊరి సంగతి ఒకటి చెప్పదలచుకున్నాము. కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో, టొరంటో మహానగరానికి వాయవ్యంగా, సాగీన్ నది ఒడ్డున వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉంది. 2000వ సంవత్సరం మే నెలలో ఆ ఊరి కుళాయి నీళ్ళు తాగి 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు. వారిలో ఒక పసిబిడ్డ కూడా ఉంది. అప్పటికి ఊరి జనాభా సుమారు 4,800 మాత్రమే. బయటినుండి వచ్చి ఆ నీళ్ళు తాగినవారిని కూడా కలిపిన లెక్కే అయినా, దాదాపు సగం ఊరు మంచం పట్టినట్టే.

డబ్బున్న దేశం. ఇంటింటికీ కుళాయి. నీటిని పరీక్షించే లాబొరేటరీలు, తనిఖీ చేసే ప్రభుత్వ శాఖ, లిఖితపూర్వకమైన నియమాలు అన్నీ ఉన్నాయి. పైగా నీటి సరఫరాను నడిపించడానికి ఒక స్థానిక బోర్డు కూడా ఉంది. ఇన్ని ఉండి కూడా అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి డెనిస్ ఓకానర్ అనే న్యాయమూర్తి విచారణ జరిపి, 2002లో నివేదిక ఇచ్చారు. మేము చెప్పబోయే సంగతులు చాలావరకు ఆ విచారణలో తేలినవే.

బోర్డు ఏమి చూసేది?

వాకర్టన్‌లో నీటినీ కరెంటునూ చూసే సంస్థ పేరు పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్. మన మాటల్లో చెప్పాలంటే నీళ్ళూ కరెంటూ చూసే ఊరి బోర్డు. ప్రజలు ఎన్నుకున్న సభ్యులు అందులో ఉండేవారు, మేయరు కూడా ఉండేవారు. వారి కింద ఒక జనరల్ మేనేజరు, ఆయన కింద ఫోర్‌మన్, కొద్దిమంది పనివారు. ఫోర్‌మన్ మేనేజరుకు తమ్ముడే.

బోర్డు సభ్యులు చెడ్డవాళ్ళు కారు. ఈ మాట మొదటే చెప్పుకోవాలి. లంచం తిన్నారని గానీ, నీళ్ళు బాగా లేవని తెలిసి దాచిపెట్టారని గానీ విచారణలో ఎక్కడా రాలేదు. వాళ్ళ దృష్టి ఎక్కువగా డబ్బు లెక్కల మీద ఉండేది. బిల్లులు, బడ్జెట్టు, ఖర్చు, వసూలు వాళ్ళు చూసుకునేవారు. నీళ్ళు తాగడానికి పనికొస్తాయా లేదా అన్న విషయం వాళ్ళకు పెద్దగా తెలియదు. ఆ భాగమంతా మేనేజరుకు వదిలేశారు. ఆయన 1988 నుండి ఆ పదవిలో ఉన్నారు, పని తెలిసినవాడు, ఆయన చూసుకుంటాడులే అనుకున్నారు.

చదువరులారా, మనలో చాలామంది ఏదో ఒక కమిటీలో కూర్చునేవాళ్ళమే. బడి కమిటీ, సంఘం కమిటీ, పంచాయతీ వార్డు సభ్యత్వం, మహిళా పొదుపు సంఘం. జమాఖర్చులు చదివినప్పుడు శ్రద్ధగా వింటాము. రూపాయి తేడా వస్తే లేచి అడుగుతాము. కొంచెం సాంకేతికమైన విషయం రాగానే "అది ఆయన చూసుకుంటారు, తరువాతి అంశానికి వెళ్దాం" అంటాము. వాకర్టన్ బోర్డు గురించి చదువుతున్నప్పుడు మాకు మా కమిటీలే గుర్తుకొచ్చాయి.

ఐదో నంబరు బావి

ఊరికి ఆ రోజుల్లో మూడు బోరు బావుల నుండి నీళ్ళు వచ్చేవి. వాటికి ఐదు, ఆరు, ఏడు అని నంబర్లు. ఐదో నంబరు బావిని 1978లో తవ్వారు. దాని కేసింగ్ పైపు భూమిలోకి 5 మీటర్లే దిగింది. బోరు వేయించుకున్న రైతులకు ఈ మాట చెబితే చాలు, విషయం అర్థమైపోతుంది. పైన మట్టి పొర పలచన. కింద రాయి పగుళ్ళు పగుళ్ళుగా ఉంది. పైన కురిసిన వాన వడకట్టబడకుండానే ఆ పగుళ్ళలోంచి బావిలోకి దిగిపోయే వీలుంది. దగ్గరలోనే పశువుల పొలం ఉంది. ఆ నీటిలో సూక్ష్మక్రిములు కనిపించడం మొదటినుండీ ఉన్నదే. అయినా ప్రభుత్వ శాఖ ప్రత్యేకమైన షరతులేవీ పెట్టకుండానే ఆ బావికి అనుమతి ఇచ్చింది.

ఇటువంటి బావికి ఉన్న రక్ష క్లోరిన్ ఒక్కటే. క్లోరిన్ ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాము, ఎందుకంటే మిగతా కథంతా దీనిమీదే ఆధారపడి ఉంది. నీళ్ళలో క్లోరిన్ కలపగానే అది మురికితోనూ క్రిములతోనూ తలపడి కొంత ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు పోగా ఇంకా మిగిలి ఉన్నదే అసలు కావలి. మిగిలి ఉంటే నీళ్ళలోని మురికికి సరిపడా మందు పడిందని అర్థం. ఏమీ మిగలకపోతే, వేసిన మందును మించిన మురికి నీళ్ళలోకి వచ్చిందని అర్థం. కాబట్టి "మందు వేశాము" అన్న మాట సరిపోదు, "ఎంత మిగిలింది" అని కొలవాలి. ఒంటారియో నియమం ప్రకారం పదిహేను నిమిషాల తరువాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ప్రతిరోజూ కొలిచి రిజిస్టరులో రాయాలి. కొలవడం పెద్ద పనేమీ కాదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

వాకర్టన్‌లో చాలా రోజులు కొలవలేదు. కొలవకుండానే రిజిస్టరులో 0.5 అనో 0.75 అనో రాసేశారు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఇదే అలవాటు. మందు కూడా వేయవలసినంత వేయలేదు. వారం వారం లాబొరేటరీకి పంపే నీటి సీసాలు కూడా అంతే. ఊరిలో వేర్వేరు చోట్ల పట్టవలసిన నీళ్ళను తమకు వీలైన చోట పట్టి, మీద వేరే చోటి పేరు రాసి పంపేవారు.

ఎందుకు చేశారు? ఇక్కడ మాకు చాలా బాధ కలిగించిన సంగతి ఉంది. ఆ మేనేజరు, ఫోర్‌మన్ ఊరివారికి కీడు తలపెట్టినవారు కారు. మందు కలపని పచ్చి నీళ్ళే తాము తాగేవారు. బావి నీళ్ళు మంచివే అని మనస్ఫూర్తిగా నమ్మారు. క్లోరిన్ వాసన వస్తోందని కొందరు ఇళ్ళవాళ్ళు ఫిర్యాదు చేసేవారు, అందుకని మందు తగ్గించడం వాళ్ళకు తేలికగా తోచింది. మేనేజరుకు ఉన్న లైసెన్సు కూడా పరీక్ష రాసి తెచ్చుకున్నది కాదు, అనుభవాన్ని బట్టి ఇచ్చినది. నీళ్ళలో ఉండే క్రిములు మనిషిని ఏమి చేయగలవో ఆయనకు సరిగా తెలియదు. తాము చేస్తున్నది నియమానికి విరుద్ధమని మాత్రం ఇద్దరికీ తెలుసు.

బోర్డు చేతికి వచ్చిన కాగితం

1998 ఫిబ్రవరిలో ప్రభుత్వ పర్యావరణ శాఖ నుండి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి వాకర్టన్ నీటి సరఫరాను తనిఖీ చేశారు. ఆ ఏడాదే తనిఖీ నివేదిక బోర్డుకు చేరింది. శుద్ధి చేసిన నీళ్ళలో కూడా ఇ-కోలి క్రిములు పలుమార్లు కనబడ్డాయని అందులో ఉంది. ఇ-కోలి కనబడిందంటే నీళ్ళలో మలం కలిసిందని అర్థం. క్లోరిన్ ఉండవలసినంత ఉండడం లేదనీ, పంపవలసినన్ని నమూనాలు పరీక్షకు పంపడం లేదనీ కూడా రాశారు.

అంటే ప్రమాదానికి రెండేళ్ళ ముందే విషయం కాగితం మీద, నల్లటి అక్షరాలతో, బోర్డు బల్ల మీదకు వచ్చింది. దానిని అర్థం చేసుకోవడానికి ఇంజనీరు కానక్కర లేదు. "మన ఊరి నీళ్ళలో మలం కలుస్తోంది" అన్నదే ఆ కాగితం సారం.

బోర్డు ఏమి చేసింది? మేనేజరును నమ్మింది. లోపాలను సరిచేస్తానని ఆయన అన్నారు, శాఖకు ఉత్తరం కూడా రాశారు. తరువాత సరిచేశారా లేదా అని బోర్డు వెంటపడి అడగలేదు. "పోయిన నెల క్లోరిన్ ఎంత మిగిలిందో రిజిస్టరు తెచ్చి చూపించండి" అనో, "ఈ క్రిమి వలన ఏమవుతుందో ఆరోగ్య అధికారిని పిలిచి అడుగుదాం" అనో అనలేదు. ప్రభుత్వ శాఖ కూడా మళ్ళీ తనిఖీకి రాలేదు. చట్టప్రకారం ఆజ్ఞ జారీ చేయకుండా, వాళ్ళే సరిచేసుకుంటారని వదిలేసింది. ఆ సంవత్సరాలలో రాష్ట్ర ప్రభుత్వం ఆ శాఖ బడ్జెట్టును బాగా తగ్గించింది. నీటి నమూనాలను పరీక్షించే పనిని 1996లో ప్రభుత్వ లాబొరేటరీలు మానేయగా అది ప్రైవేటు లాబొరేటరీల చేతికి పోయింది. ఫలితం చెడుగా వస్తే ఆరోగ్య శాఖకు కూడా తెలియజేయాలన్న కట్టుదిట్టమైన నియమం లేకుండా పోయింది.

న్యాయమూర్తి ఓకానర్ ఈ విషయంలో చాలా జాగ్రత్తగా తూచి చెప్పారు. రిజిస్టరులో తప్పుడు అంకెలు రాస్తున్నారని బోర్డు సభ్యులకు తెలియదు, ఆ మేరకు వారిని నిందించలేదు. కానీ 1998 నివేదిక చేతికి వచ్చినప్పుడు స్పందించవలసిన విధంగా స్పందించలేదని స్పష్టంగా తప్పుపట్టారు. నీటి భద్రత గురించి తెలుసుకునే ప్రయత్నం చేయకుండా పూర్తిగా మేనేజరు మీద ఆధారపడడం తగదన్నారు. బోర్డు ఏ చెడ్డ తీర్మానమూ చేయలేదు. అసలు తీర్మానమే చేయలేదు. అది కూడా ఒక నిర్ణయం కిందికే వచ్చింది.

ఆ పది రోజులు

2000 మే 8 నుండి 12 వరకు వాకర్టన్‌లో ఐదు రోజుల్లో 134 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఐదో నంబరు బావి దగ్గరి పొలంలో అంతకు కొద్దిరోజుల ముందు పశువుల పేడ ఎరువు వేసి ఉన్నారు. ఆ రైతు పద్ధతి ప్రకారమే ఎరువు వేశారనీ, ఆయన తప్పేమీ లేదనీ విచారణలో తేలింది. వాన నీటితో పాటు పేడలోని క్రిములు బావిలోకి దిగాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఇ-కోలి ఓ157:హెచ్7, రెండవది కాంపిలోబాక్టర్. మొదటిది పశువు కడుపులో ఉన్నా పశువుకు ఏమీ కాదు. మనిషి కడుపులో చేరితే మాత్రం ఒక విషాన్ని విడుదల చేస్తుంది.

మే 13, 14, 15 తేదీలలో పనివారు బావి దగ్గరకు వెళ్ళారు. మిగిలిన క్లోరిన్‌ను కొలవలేదు. ఎప్పటిలాగే అంకె రాశారు. ఆ రోజుల్లో నిజంగా కొలిచి ఉంటే క్లోరిన్ మిగలలేదని తెలిసిపోయేది. కొలతలను దానంతట అదే తీసుకుంటూ, క్లోరిన్ తగ్గగానే గంట కొట్టి పంపును ఆపే యంత్రం ఆ బావికి ఉండి ఉంటే ఈ ప్రమాదమే జరిగేది కాదని న్యాయమూర్తి తేల్చారు. అటువంటి బావులకు ఆ యంత్రం ఉండాలని 1994 నుండి నియమం ఉంది. కానీ పాత బావులకు దానిని అమలు చేయించడం శాఖ పట్టించుకోలేదు. దాని మీద మళ్ళీ మే 15 నుండి 19 వరకు ఏడో నంబరు బావి క్లోరిన్ యంత్రమే లేకుండా నడిచింది.

మే 17న లాబొరేటరీ నుండి మేనేజరుకు కబురు వచ్చింది. 15న పట్టిన నమూనాలలో ఇ-కోలి ఉంది. ఆయన ఎవరికీ చెప్పలేదు.

మే 18న ఇద్దరు పిల్లలు రక్త విరేచనాలతో ఓవెన్ సౌండ్ పట్టణపు ఆసుపత్రిలో చేరారు. వారిని చూసిన పిల్లల డాక్టరు క్రిస్టెన్ హాలెట్ 19న ఆరోగ్య శాఖ కార్యాలయానికి ఫోను చేశారు. రక్త విరేచనాలతో ఒకే ఊరి నుండి ఇద్దరు పిల్లలు రావడం ఆమెకు అనుమానం కలిగించింది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళుగా మేము ఈ ఫోను గురించి చాలాసేపు మాట్లాడుకున్నాము. ఆమె చేసింది వైద్యంలో గొప్ప ఆపరేషను కాదు, ఒక ఫోను. ఆ ఫోనుతోనే విషయం బయటపడడం మొదలైంది.

ఆరోగ్య శాఖవారు ఆ రోజే మేనేజరును అడిగారు. నీళ్ళు బాగానే ఉన్నాయని ఆయన చెప్పారు. మరునాడు అడిగినా అదే మాట. ఒకవైపు ఆ మాట చెబుతూనే రెండోవైపు పైపులలో నీళ్ళు వదిలి కడిగిస్తూ, ఎక్కువ ఎక్కువగా క్లోరిన్ కలుపుతూ ఉన్నారు. సంస్థలోనే పనిచేసే ఒక ఉద్యోగి ఆగలేక, మే 20న పేరు చెప్పకుండా పర్యావరణ శాఖకు ఫోను చేసి పరీక్షలో చెడ్డ ఫలితం వచ్చిందని తెలియజేశారు.

మే 21 ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ ఆరోగ్య అధికారి డాక్టర్ ముర్రే మెక్‌క్విగ్ నీళ్ళు కాచి తాగమని హెచ్చరిక జారీ చేశారు. మేనేజరు ఒప్పుకున్నాక కాదు, జబ్బు పడుతున్నవారిని చూసి. హెచ్చరికను రేడియోలో చెప్పించారు. కానీ చాలామందికి ఆ రోజు తెలియలేదు. రేడియో విననివారు ఆ సాయంత్రం కూడా అదే నీళ్ళు తాగారు. 22న మొదటి మరణం. 23న ఆరోగ్య శాఖ స్వయంగా పట్టించిన నమూనాలలో ఇ-కోలి ఉందని రుజువైంది.

మొత్తం 65 మంది ఆసుపత్రులలో చేరారు. 27 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇ-కోలి విడుదల చేసే విషం రక్తకణాలను చిదిపి, మూత్రపిండాల చిన్న చిన్న రక్తనాళాలను మూసివేయడం వలన ఇలా జరుగుతుంది. ముఖ్యంగా చిన్నపిల్లలకు, ముసలివారికి ఈ ప్రమాదం ఎక్కువ. నీళ్ళు కాచి తాగమన్న హెచ్చరికను ఎత్తివేసేసరికి డిసెంబరు వచ్చింది. జబ్బుపడి లేచినవారిలో చాలామందికి కడుపునొప్పి, విరేచనాల బాధ ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్నట్టు తరువాత జరిపిన పరిశీలనలలో తెలిసింది.

ఒక లెక్క మాత్రం మమ్మల్ని వదలడం లేదు. మేనేజరు 19వ తేదీన నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదని న్యాయమూర్తి లెక్క వేయించారు. 300 నుండి 400 మంది జబ్బు పడకుండా ఉండేవారట. కానీ చనిపోయిన ఏడుగురిలో ఎవరైనా బతికేవారని చెప్పలేమన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. వారిని కాపాడగలిగిన సమయం ఆ వారంలో లేదు. అది అంతకుముందు సంవత్సరాలలో ఉంది. క్లోరిన్ కొలవని ప్రతి ఉదయంలోనూ, రిజిస్టరు తెప్పించి చూడని ప్రతి సమావేశంలోనూ ఉంది.

తరువాత ఏమైంది?

అన్నదమ్ములిద్దరూ 2004లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. మేనేజరుకు ఒక సంవత్సరం జైలు, ఫోర్‌మన్‌కు తొమ్మిది నెలల గృహనిర్బంధం విధించారు. చాలదని కొందరు, పాపం అని కొందరు. మేము తీర్పు చెప్పేవాళ్ళము కాము.

లాబొరేటరీలో చెడ్డ ఫలితం వస్తే ఆరోగ్య అధికారికి వెంటనే తెలపాలని 2000 ఆగస్టులోనే నియమం వచ్చింది. 2002లో ఒంటారియోలో తాగునీటి భద్రతకు ప్రత్యేక చట్టం చేశారు. బావులకూ చెరువులకూ చుట్టూ ఉన్న నేలను కాపాడడానికి 2006లో మరొక చట్టం చేశారు. వాకర్టన్‌లోనే నీటి పనివారికి శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని 2004లో నెలకొల్పారు.

మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మార్పు 2012 చివరిలో అమలులోకి వచ్చింది. 2002 చట్టంలోని 19వ సెక్షను అది. తాగునీటి సరఫరాను పర్యవేక్షించే కౌన్సిలు సభ్యులు కూడా శ్రద్ధగా, నిజాయితీగా ఆ పని చేయడం వారి వ్యక్తిగత బాధ్యత అని అందులో ఉంది. తప్పితే జుల్మానా, జైలు శిక్ష కూడా ఉండవచ్చు. నిపుణులు ఇచ్చిన నివేదికను మంచి మనసుతో నమ్మడం తప్పు కాదు. అసలు అడగకపోవడం తప్పు. నీళ్ళ గురించి ఏమేమి అడగాలో కౌన్సిలు సభ్యులకు తెలియజెప్పే చిన్న పుస్తకాన్ని కూడా ప్రభుత్వం అచ్చువేసింది. మేయరు అయినా, మొదటిసారి గెలిచిన సభ్యుడైనా చదువుకోవలసిందే.

మన ట్యాంకు దగ్గర

మన పల్లెల్లో తాగునీటి బాధ్యత గ్రామ పంచాయతీది, పట్టణాల్లో మున్సిపాలిటీది. మీలో పంచాయతీ సభ్యులు ఉండవచ్చు, లేదా మీ చిన్నాన్నో వదినగారో ఉండవచ్చు. ఓవర్‌హెడ్ ట్యాంకును ఎప్పుడు కడిగారో ట్యాంకు మీదే తేదీ రాసి ఉంటుంది, చూడండి. తేదీ రాయడం తేలిక, వాకర్టన్ రిజిస్టరులో అంకె రాసినంత తేలిక. అందుకని క్లోరిన్ మిగిలి ఉందో లేదో కళ్ళారా చూపించమని అడగండి. మన దేశపు ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఆరోగ్య కార్యకర్తలకు ఈ పరీక్ష తెలుసు. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు రాలేదంటే క్లోరిన్ లేదు. ట్యాంకు దగ్గరి కుళాయిలో కాకుండా ఊరి చివర, పైపు ఆఖరున ఉన్న ఇంట్లో పట్టి చూపించమనండి. చాలా ఊళ్ళలో పేదల ఇళ్ళు ఉండేది అక్కడే, నీళ్ళు ఆఖరుగా చేరేదీ అక్కడికే.

బ్లీచింగ్ వాసన వస్తోందని విసుక్కోవద్దు. రాత్రి పట్టి మూత పెట్టి ఉంచితే పొద్దునకు వాసన చాలావరకు తగ్గుతుంది.

అడిగితే గొడవ పెట్టుకున్నట్టు అనుకుంటారేమోనని కొందరు మాతో అన్నారు. నిజమే, కొందరు అలా అనుకుంటారు. నీళ్ళు వదిలే మనిషిని పదిమందిలో నిలబెట్టి అడగనక్కర లేదు. తక్కువ జీతానికి పగలూ రాత్రీ వాల్వులు తిప్పేవాడు అతను. బ్లీచింగ్ పౌడరు సమయానికి కొనిచ్చారా, కొలిచే కిట్టు ఇచ్చారా, కొలవడం ఎవరైనా నేర్పారా అని పంచాయతీనే అడగండి. గ్రామసభలో అడిగితే మినిట్స్ పుస్తకంలో రాయించండి. తరువాతి సభలో ఆ పుస్తకం తెరిచి, పోయినసారి రాసుకున్నది ఏమైందని మళ్ళీ అడగండి. రెండోసారి అడగడమే వాకర్టన్‌లో జరగలేదు.

వాన పడి నీళ్ళు కలకగా వచ్చిన రోజుల్లో ఎవరు చెప్పినా చెప్పకపోయినా నీళ్ళు కాచి తాగండి. బాగా తెర్లాక కనీసం ఒక నిమిషం అలాగే ఉంచి దించండి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కలిపేది కూడా కాచి చల్లార్చిన నీళ్ళలోనే, ప్యాకెట్టు మీద రాసినంత కొలతకే.

బిడ్డకు విరేచనాలలో రక్తం కనబడితే మందుల షాపులో విరేచనాలు కట్టే మాత్రలు అడిగి వేయవద్దు. ఇటువంటి జబ్బులలో అవి విషాన్ని లోపలే ఉంచేస్తాయి. యాంటీబయాటిక్ కూడా డాక్టరు చూశాకే ఇవ్వాలి, కొన్ని క్రిముల విషయంలో దాని వలన కీడే ఎక్కువ. విరేచనాలు తగ్గాయి కదా అనుకున్న రెండు మూడు రోజులకు బిడ్డ పాలిపోయినా, ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా రాత్రి అని చూడకుండా తీసుకురండి. వచ్చినప్పుడు మీ వీధిలో ఇంకెవరికైనా ఇలాగే ఉందా అని మేము అడుగుతాము. తెలిసినంతవరకు చెప్పండి. ఒకే వీధి నుండి ఇద్దరు పిల్లలు వస్తే, ఫోను మేము చేస్తాము.